కప్పులో పాలు మారితే బిల్లు ఎంత మారాలి?

అమెరికా, కెనడా దేశాల్లో స్టార్‌బక్స్ సంస్థ సొంతంగా నడిపే కాఫీ షాపుల్లో 2024 నవంబరు 7న ఒక మార్పు వచ్చింది. అంతకుముందు ఆవుపాలకు బదులు సోయా పాలో, ఓట్స్ పాలో, బాదం పాలో, కొబ్బరి పాలో పోయమని అడిగితే కప్పుకి 70, 80 సెంట్ల దాకా ఎక్కువ పుచ్చుకునేవారు. ఆ రోజు నుంచి అది ఎత్తేశారు. ఏ పాలు పోయించుకున్నా ఒకటే ధర. బ్రిటన్‌లో అదే సంస్థ ఈ పని 2022 జనవరిలోనే చేసింది. 2025 మార్చిలో డంకిన్ కూడా అమెరికాలో అదే దారి పట్టింది.

మన హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో చాలా కాఫీ షాపుల్లో ఈ ఎక్స్‌ట్రా ఇంకా ఉంది. 250 రూపాయల కాపుచినో అడిగి, పాలు మాత్రం ఓట్స్ పాలు పోయండి అంటే బిల్లులో ఇంకో 50, 60 రూపాయలు చేరతాయి. ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే. ఈ అదనంలో న్యాయమెంత, ఆనవాయితీ ఎంత? ఈ పూట ఆ లెక్క మీతో కలిసి వేద్దామని వచ్చాను.

ముందుగా ఒక మాట. మొక్కల పాలు అంటే గింజనో పప్పునో నానబెట్టి, నీళ్లతో రుబ్బి, వడగట్టి తీసినవి. ఇక్కడ బాదం పాలు అంటున్నది మిఠాయి దుకాణంలో సీసాలో దొరికే తియ్యటి బాదంపాలను కాదు. అందులో ఉండేవి గేదె పాలో ఆవు పాలో.

250 రూపాయలు పెట్టి కాఫీ తాగేవాళ్ల గొడవ మనకెందుకు అని మీలో కొందరు అనుకోవచ్చు. ఆ పాలు అడుగుతున్నది ఎవరో చూస్తే అలా అనిపించదు. కొందరు జంతువుల మీద దయతో పాలు మానేసినవాళ్లు. కొందరు పర్యావరణం గురించి ఆలోచించేవాళ్లు. వీళ్లది ఇష్టపడి చేసుకున్న నిర్ణయం. మూడో రకం వాళ్లు వేరు. వాళ్లకు పాలు పడవు. తాగితే కడుపు ఉబ్బుతుంది, గడబిడ చేస్తుంది, విరేచనాలవుతాయి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పసిబిడ్డలకు అది పుష్కలంగా ఉంటుంది. తల్లిపాలు మానే వయసు దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది పరిస్థితి ఇదే. అంటే ఇది జబ్బు కాదు, మనిషి శరీరం మామూలుగా నడిచే తీరు. పెద్దయ్యాక కూడా పాలు చక్కగా అరిగించుకోగలిగేది తరతరాలుగా పశువుల మీద బతికిన జాతులవారు. వాళ్లలో వచ్చిన ఒక జన్యు మార్పు వల్ల ఆ ఎంజైమ్ జీవితాంతం నిలిచి ఉంటుంది.

మన దేశంలోనే చూడండి. 1981లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవారిలో సుమారు 27 శాతం మందికి లాక్టోజ్ పడలేదు. తిరువనంతపురం, పుదుచ్చేరిలలో పరీక్షించినవారిలో ఆ సంఖ్య 66 శాతం పైనే. ఉత్తరాన తక్కువ, దక్షిణాన ఎక్కువ. తర్వాత వచ్చిన జన్యు పరిశోధనలు కూడా ఇదే దిశను చూపించాయి. పాలు అరిగించే ఆ జన్యు మార్పు వాయవ్య భారతంలో ఎక్కువగా ఉంది, దక్షిణానికి వచ్చేకొద్దీ పలచబడింది.

మరి మన ఇళ్లలో తరతరాలుగా కాఫీ తాగుతున్నాం, పెరుగన్నం లేకపోతే భోజనం ముగించం, ఏమీ కాలేదే అంటారు. నిజమే. దానికి కారణాలున్నాయి. పాలు తోడుకునేటప్పుడు అందులోని సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడంలోనూ తోడ్పడతాయి. అందుకే పాలు పడనివాళ్లకు కూడా పెరుగు, మజ్జిగ పడతాయి. ఇక కాఫీ విషయం. ఇంట్లో గ్లాసులోకి పోసేది 80, 100 మిల్లీలీటర్ల పాలు. లాక్టోజ్ సరిగా అరగనివాళ్లలో కూడా ఎక్కువమంది ఒక విడతకు సుమారు 12 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. అది దాదాపు 250 మిల్లీలీటర్ల పాలలో ఉండేంత. ఫిల్టర్ కాఫీలో ఉండేది అందులో సగం కూడా కాదు. ఇప్పుడు కాఫీ షాపులో పెద్ద సైజు లాటే తీసుకోండి. అందులో 300 మిల్లీలీటర్ల పాలు, అంటే సుమారు 15 గ్రాముల లాక్టోజ్. ఇంట్లో రోజూ కాఫీ తాగే మనిషికి షాపులో తాగిన రోజే కడుపు ఎందుకు గడబిడ చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని ఊరుకుంటారు.

ఇదే విషయం అమెరికాలో కోర్టుకెక్కింది. 2023 డిసెంబరులో డంకిన్ మీద, 2024 మార్చిలో స్టార్‌బక్స్ మీద కాలిఫోర్నియాలో కొందరు దావా వేశారు. లాక్టోజ్ పడని స్థితిని వైకల్యాల చట్టం కింద గుర్తించాలని, శరీరం తట్టుకోలేనిదాన్ని మార్చమన్నందుకు అదనంగా డబ్బు తీసుకోవడం వివక్ష అని వాళ్ల వాదన. అమెరికాలో నల్లజాతివారు, ఆదివాసులు, ఆసియా నుంచి వెళ్లినవాళ్లు, లాటిన్ అమెరికా మూలాలవారు ఈ ఇబ్బందితో ఎక్కువగా ఉంటారు. డాలస్‌లో, న్యూజెర్సీలో, కాలిఫోర్నియా బే ఏరియాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది కూడా ఆ లెక్కలోకి వస్తారు. అంటే ఆ 80 సెంట్లు ఎక్కువగా ఎవరి జేబులోంచి పోయేవో ఊహించుకోవచ్చు. ఆ వాదన చట్టం ముందు నిలుస్తుందా లేదా అన్నది న్యాయమూర్తుల పని. నా మటుకు నాకు ఇది కోర్టు దాకా వెళ్లాల్సిన విషయంగా కనిపించదు. ధరల పట్టిక రాసేవాళ్లు ఒక్క పూట కూర్చుని లెక్క వేసుకుంటే తేలిపోతుంది.

ఆ లెక్కే ఇప్పుడు వేద్దాం.

హైదరాబాదులో టోన్డ్ పాలు లీటరు 60 రూపాయలు అనుకుందాం. ఓ నాలుగు రూపాయలు అటూ ఇటూ ఉన్నా లెక్క పెద్దగా మారదు. ఒక కాపుచినోకి 150 మిల్లీలీటర్ల పాలు పడతాయి. అంటే 9 రూపాయలు. 250 రూపాయల కప్పులో పాల ఖరీదు 9 రూపాయలే. మిగిలిన డబ్బు గింజలకు, కప్పుకు, కరెంటుకు, జీతాలకు, పన్నుకు, అన్నిటికన్నా మించి అద్దెకు పోతుంది. జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో మనం ఏసీ కింద గంటసేపు కూర్చున్న కుర్చీకి కట్టే బాడుగ కూడా ఆ కప్పులోనే ఉంది.

ఓట్స్ పాలు లీటరు డబ్బా సుమారు 300 రూపాయలు. 150 మిల్లీలీటర్లకు 45. ఆవుపాలతో తేడా 36 రూపాయలు. లాటే అయితే 250 మిల్లీలీటర్లు. ఓట్స్ పాలకు 75, ఆవుపాలకు 15, తేడా 60. ఇవి మనం అంగట్లో కొనే ధరలు. పెట్టెల లెక్కన తెప్పించుకునే షాపుకి ఇంకొంత తక్కువకే వస్తాయి. కాబట్టి లాటేకి 60 రూపాయలు తీసుకుంటే దాన్ని దోపిడీ అనలేం. చిన్న కాపుచినోకీ అదే 60 తీసుకుంటే మాత్రం అందులో 24 రూపాయలు పాల పేరు చెప్పి తీసుకున్నవే.

అంతకన్నా నాకు కష్టం కలిగించేది సోయా పాల సంగతి. సోయా పాలు లీటరు సుమారు 130 రూపాయలకు దొరుకుతాయి. 150 మిల్లీలీటర్లకు 20 రూపాయల లోపే. ఆవుపాలతో తేడా 11 రూపాయలు కూడా ఉండదు. అయినా నేను చూసిన షాపుల్లో సోయాకీ, బాదంకీ, ఓట్స్‌కీ కలిపి ఒకటే వరుస, ఒకటే అదనం. 11 రూపాయల తేడాకి 50, 60 రూపాయలు కట్టించుకుంటున్నారు. ఇది ఖర్చును బట్టి పెట్టిన ధర కాదు. అడిగేవాళ్లు తక్కువ కదా, అడిగేవాళ్లు ఎలాగూ ఇస్తారు కదా అని పెట్టిన ధర.

ఇందులో ప్రభుత్వ పన్ను వాటా కూడా ఉంది. అది చాలామంది దృష్టికి రాని విషయం కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. మన దేశంలో మామూలు పాలకు జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబరు 21 దాకా సోయా పాల పానీయాల మీద 12 శాతం, ఓట్స్, బాదం వంటి తక్కిన మొక్కల పాల మీద 18 శాతం పన్ను ఉండేది. సెప్టెంబరు 22 నుంచి రెండింటి మీదా 5 శాతానికి తగ్గించారు. మంచి నిర్ణయం.

ఇక్కడ కాఫీ షాపు వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది. మామూలు వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తాను వసూలు చేసే పన్నులోంచి మినహాయించుకుంటాడు. హోటళ్లకు, కాఫీ షాపులకు ఆ వీలు లేదు. 2017 నవంబరు నుంచి వాటికి 5 శాతం పన్ను పెట్టారు, దాంతోపాటు ఆ మినహాయింపు తీసేశారు. అంటే ఓట్స్ పాల డబ్బా మీద కట్టిన 18 శాతం పూర్తిగా షాపు ఖర్చులోకే వచ్చేది. ఆవుపాల ప్యాకెట్టు మీద ఆ ఖర్చే లేదు.

మరి పన్ను తగ్గింది కదా. 18 శాతం పన్నుతో కలిపి 300 ఉన్న డబ్బా, 5 శాతం అయితే 267 రూపాయలకు రావాలి. లీటరుకి 33 రూపాయల తేడా. కాపుచినో కప్పు లెక్కన 5 రూపాయలు. మీరు మొక్కల పాలు పోయించుకునేవారైతే పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ 5 రూపాయలు మీదాకా వచ్చాయో లేదో అడిగే హక్కు మీకుంది.

ఈ పన్ను తేడా మన దేశానికే ప్రత్యేకం కాదు. జర్మనీలో ఆవుపాల మీద 7 శాతం, మొక్కల పాల మీద 19 శాతం. అమెరికాలో కథ వేరే రకంగా నడిచింది. అక్కడ ఆవుపాలు చౌకగా దొరకడం వెనక దశాబ్దాల విధానాలున్నాయి. పాల కొనుగోలు ధరలను నియంత్రించే ఏర్పాటు 1937 నాటి చట్టంతో స్థిరపడింది. 2018 వ్యవసాయ చట్టంలో పాడి రైతుల రాబడి పడిపోతే ఆదుకునే పథకం వచ్చింది. రైతును ఆదుకోవడం తప్పని నేననను. కాకపోతే ఆవుపాల ధర బజారులో దానంతట అది పుట్టిన సహజ ధర, మొక్కల పాల ధర విలాసపు ధర అనుకోవడం సరికాదు. రెండూ మనుషులు తీసుకున్న నిర్ణయాల వల్ల ఏర్పడిన ధరలే.

ఇక ఓట్స్ పాలకు అంత ఖరీదు ఎందుకు? డబ్బాలో ఓట్స్ సుమారు పదో వంతు, మిగిలినదంతా నీళ్లు, కాస్త నూనె, ఉప్పు. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయంలో రికార్డ్ ఓస్టె అనే శాస్త్రవేత్త 1990ల తొలి సంవత్సరాల్లో ఈ పద్ధతి కనిపెట్టాడు. ఆయన పరిశోధన లాక్టోజ్ పడనివాళ్ల గురించే. ఓట్స్ పిండిని నీళ్లలో కలిపి ఎంజైమ్‌లు వేస్తే పిండిపదార్థం విరిగి మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది, జావలా చిక్కబడకుండా పాలలా పలచగా నిలుస్తుంది. మన ఇళ్లలో రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి పసిపిల్లలకు కాచే జావలో జరిగేదీ ఇలాంటిదే. మొలకలో పుట్టే ఎంజైమ్ పిండిని విరగ్గొడుతుంది, అందుకే ఆ జావ పలచగా, తియ్యగా ఉంటుంది. ఓట్స్ పాల ఖరీదు గింజలో లేదు. పొరలు పొరలుగా చేసిన డబ్బాలో, దూరాభారంలో, దిగుమతి సరుకులో, పంపిణీదారు కమీషన్‌లో, ప్రకటనల్లో ఉంది. అమ్ముడుపోయేది తక్కువ కాబట్టి ఆ ఖర్చంతా కొద్ది డబ్బాల మీదే పడుతుంది.

సోయా దగ్గరికి వస్తే మన గడ్డ మీదే గింజ ఉంది. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల రైతులు సోయా చిక్కుడు పండిస్తున్నారు. 2025-26కి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. కిలో 53 రూపాయలు. కిలో గింజలతో ఆరేడు లీటర్ల పాలు వస్తాయి. అంటే లీటరు సోయా పాలలో గింజ ఖర్చు 8, 9 రూపాయలు. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఎన్నో ఏళ్లుగా చిన్న యంత్రాలతో సోయా పాలు, టోఫూ తయారుచేసే పద్ధతులు నేర్పుతోంది. నిజామాబాద్‌లో పండిన గింజ పాలై, సీసాల్లో హైదరాబాదుకి రోజూ తాజాగా రావడానికి అడ్డు ఏముంది? పంట దగ్గర్లో ఉంది, కొనేవాళ్లు నగరంలో ఉన్నారు. మధ్యలో ఒక చిన్న కర్మాగారం, ఒక చల్లటి వ్యాను కావాలి. పోషకాల లెక్కలోనూ సోయా పాలే ఆవుపాలకు దగ్గర. వంద మిల్లీలీటర్లకు సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు. ఓట్స్ పాలలో ఒక గ్రాము, బాదం పాలలో అంతకన్నా తక్కువ. బజారులో దొరికే చాలా బాదం పాల డబ్బాల్లో బాదం రెండు మూడు శాతానికి మించదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇంట్లో సోయా పాలు తీసుకుంటే బాగా మరిగించాలి, పచ్చిగా తాగకూడదు.

సోయా పాలు కాఫీలో విరిగిపోతాయి, అందుకే పోయం అని కొందరు షాపువాళ్లు అంటారు. అది నిజంగానే జరుగుతుంది, నేను చూశాను. వేడి డికాక్షన్‌లో చల్లటి సోయా పాలు పోయగానే సన్నటి పలుకులు పైకి తేలతాయి, కప్పు అంచున తెల్లగా అట్ట కడుతుంది. కాఫీలోని పులుపు, వేడి కలిసి సోయా మాంసకృత్తులను గడ్డకట్టిస్తాయి. దీనికి విరుగుడు తెలిసినవాళ్లున్నారు. ముదురుగా వేయించిన గింజల్లో పులుపు తక్కువ, అవి వాడాలి. పాలను ముందే వేడి చేసి, వాటిలోకి కాఫీని నెమ్మదిగా పోయాలి. బరిస్టా రకం అని అమ్మే డబ్బాల్లో పులుపును అదుపుచేసే లవణం ముందే కలిపి ఉంటుంది. చేయి తిరిగిన కుర్రాడు ఆవిరి గొట్టాన్ని పాల ఉపరితలానికి కాస్త కింద పెట్టి, పాత్రను అరచేత్తో తాకుతూ వేడి చూసుకుంటూ సోయా పాలను కూడా నురగ కట్టిస్తాడు. అది నేర్పిస్తే వచ్చే పనే.

ఇప్పటిదాకా తాగేవాళ్ల వైపు నుంచి మాట్లాడాను. పాడి రైతు గురించి చెప్పకుండా ఈ మాట ముగించడం న్యాయం కాదు. ఈ విషయం ఎత్తగానే పాడి మీద దాడి చేస్తున్నారని కొందరికి అనిపిస్తుంది. 2023-24లో మన దేశంలో పాల ఉత్పత్తి 23 కోట్ల 90 లక్షల టన్నులు దాటింది. ప్రపంచంలో మొదటి స్థానం మనదే. అందులో పెద్ద భాగం కొద్ది పశువులున్న ఇళ్లలోంచి వస్తున్నదే. తెల్లవారుజామున ఊళ్లో పాల కేంద్రం దగ్గరికి వెళ్లి చూడండి. క్యాన్లు, స్టీలు గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు వరసలో నిలబడి ఉంటారు. కేంద్రం మనిషి పాలు కలియబెట్టి, చిన్న గొట్టంతో కాస్త తీసి యంత్రం కింద పెడతాడు. కొవ్వు ఎంత, ఎస్ఎన్ఎఫ్ అనే కొవ్వు కాని ఘనపదార్థాలు ఎంత అన్న అంకెలు తెర మీద వస్తాయి. ఆ అంకె ఒక పాయింటు తగ్గితే ఆ పూట డబ్బు తగ్గుతుంది. దాణా ధర మాత్రం తగ్గదు. గేదె ఈనే దాకా, వట్టిపోయిన నెలల్లోనూ మేత వేయాల్సిందే.

పాలు తెచ్చిన ఆ మహిళకు 250 రూపాయల కాపుచినోలో దక్కేది ఎంత? సహకార డెయిరీల లెక్కలో మనం ఇచ్చే రూపాయిలో 75, 80 పైసలు రైతుకు చేరతాయనుకుందాం. కప్పుకి పట్టే 9 రూపాయల పాలలో ఆమెకు వచ్చేది ఏడు రూపాయలు. సోయా పాల మీద వసూలు చేసే 50 రూపాయల అదనంలో ఆమెకు ఒక్క పైసా రాదు, నిర్మల్ సోయా రైతుకూ రాదు. కాబట్టి ఈ అదనం తీసేస్తే పాడి రైతుకు నష్టం వస్తుందన్న మాటలో పస లేదు. మన రాష్ట్రాల్లో పాలు అమ్ముడయ్యేది ఇళ్లలో, టీ కొట్లలో, మిఠాయి దుకాణాల్లో. కాఫీ షాపుల్లో మొక్కల పాలు తాగే కొద్దిమంది వల్ల ఆ లెక్క మారదు. పాడి రైతుకు మేలు చేయాలంటే ఇవ్వాల్సింది గిట్టుబాటు ధర, సమయానికి చెల్లింపు, అందుబాటు ధరకు దాణా. పాలు పడనివాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

అదనం తీసేస్తే ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నది మిగిలిన ప్రశ్న. రోజుకి 100 కాపుచినోలు అమ్మే షాపులో పదిమంది ఓట్స్ పాలు అడుగుతారనుకోండి. ఒక్కొక్కరికి 36 రూపాయల తేడా. మొత్తం 360 రూపాయలు. దాన్ని వంద కప్పుల మీద సర్దితే కప్పుకి 3 రూపాయల 60 పైసలు. ఆ పదిమందీ సోయా పాలే అడిగితే కప్పుకి రూపాయి చిల్లర. నిజానికి షాపులు ఇలాంటి సర్దుబాటు రోజూ చేస్తూనే ఉన్నాయి. ఒకరు మూడు చక్కెర పొట్లాలు వేసుకుంటారు, ఒకరు ఒక్కటీ వేసుకోరు. ఒకరు పది నిమిషాల్లో లేచిపోతారు, ఒకరు ల్యాప్‌టాప్ పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుంటారు. ఎవరి బిల్లూ మారదు. స్టార్‌బక్స్ అదనం ఎత్తేసినప్పుడు చెప్పిన విషయం కూడా గమనించదగ్గది. తమ దగ్గర జనం అడిగే మార్పుల్లో ఎస్ప్రెస్సో ఇంకో షాట్ వేయమనడం మొదటిది, పాలు మార్చమనడం రెండోది అని ఆ సంస్థే చెప్పింది. అంతమంది అడుగుతున్నదాన్ని మినహాయింపుగా చూడటంలో అర్థం లేదు.

అయితే ఇది పెద్ద గొలుసు షాపులకు చెప్పే మాట. ఊళ్లో 30 రూపాయలకు ఫిల్టర్ కాఫీ అమ్మే చిన్న హోటలుకి ఇదే నియమం పెట్టమని నేననను. అక్కడ రోజుకి ఒక్కరు ఓట్స్ పాలు అడిగితే 300 రూపాయల డబ్బా తెరవాలి. తెరిచిన డబ్బా ఫ్రిజ్‌లో కొద్ది రోజులకు మించి ఉంచకూడదు. మిగిలింది పారబోయాల్సిందే. ఆ హోటలు నడిపే మనిషికి అది నష్టం. అలాంటిచోట పాలు పడనివారికి పాలు తగ్గించి స్ట్రాంగ్ కాఫీయో, బ్లాక్ కాఫీయో మంచి దారి. మన అరకు గింజలతో చేసిన బ్లాక్ కాఫీకి పాల అవసరమే లేదు, రుచి తెలిసినవాళ్లు అలాగే తాగుతారు. చిన్న హోటలువాళ్లు అదనం తీసుకుంటే తీసుకోనీయండి. అది వాళ్లకు నిజంగా పడిన ఖర్చు.

శ్రోతలకు ఆరోగ్యం విషయంలో ఒక మాట. పాలు తాగిన ప్రతిసారీ కడుపులో ఇబ్బంది వస్తుంటే మీ అంతట మీరే పాలు మానేయకండి. రెండు వారాలు పాలు తగ్గించి, పెరుగు, మజ్జిగ కొనసాగించి చూడండి. తేడా కనిపిస్తే వైద్యుడికి చెప్పండి. లాక్టోజ్ పడకపోవడం వేరు, పాల ఎలర్జీ వేరు. ఎలర్జీ పాలలోని మాంసకృత్తుల వల్ల వస్తుంది. పసిపిల్లల్లో అది ప్రమాదం కూడా కావచ్చు. ఎలర్జీ ఉన్నవాళ్లకు లాక్టోజ్ తీసేసిన ఆవుపాలు కూడా పనికిరావు. లాక్టోజ్ మాత్రమే పడనివాళ్లకు అవి చక్కగా పనికొస్తాయి, మన బజారులో దొరుకుతున్నాయి కూడా. కాఫీ షాపులు మొక్కల పాలతో పాటు వాటిని కూడా ఉంచితే ఎంతోమందికి తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది. పాడి రైతుకూ అందులో వాటా ఉంటుంది.

కాఫీ షాపుల గొలుసులు నడిపేవారికి నా విన్నపం ఇది. సోయా పాలకు ఈ రోజు నుంచే అదనం తీసేయండి, దానివల్ల మీకు వచ్చే నష్టం కప్పుకి రూపాయి చిల్లర. ఓట్స్, బాదం పాలకు నిజంగా ఎంత తేడా పడుతుందో అంతే తీసుకోండి, చిన్న కప్పుకి తక్కువ, పెద్ద కప్పుకి ఎక్కువ. 2025 సెప్టెంబరులో తగ్గిన పన్నును కొనేవాళ్లకు వదిలేయండి. తాగేవాళ్లు కూడా ఒక పని చేయాలి. కౌంటరు దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద విసుక్కోకండి, ధర పెట్టింది అతను కాదు. మేనేజరుకి, బిల్లు మీద ఉన్న ఈమెయిలుకి రాయండి. సోయాకి ఎందుకు ఇంత అని మర్యాదగా, మళ్లీ మళ్లీ అడగండి. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఆ అదనం పోయింది జనం ఏళ్ల తరబడి అలా అడిగాకే.